పుస్తకాల రక్తపరీక్ష

ఆ పట్టణంలోని శాఖా గ్రంథాలయంలో పద్దెనిమిది వేల నాలుగు వందల పన్నెండు పుస్తకాలున్నాయి. వాటిలో ఏ ఒక్కదానికీ ఏనాడూ జలుబైనా చేసిన దాఖలా లేదు. అయినా ఒక కార్తీకమాసపు ఉదయం వాటన్నిటి ఆరోగ్యమూ ఒక్కసారిగా అనుమానంలో పడింది.

రిటైర్డ్ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు జోగినాయుడు గారు ఒక డిటెక్టివు నవల పట్టుకొచ్చి, గ్రంథపాలకుడు ముక్తేశ్వరరావు బల్లమీద నూటపన్నెండో పేజీ తెరిచి పెట్టారు. పేజీ కింది మూలన, తిప్పడానికి వేలు ఆనించే చోట, ఎర్రటి మరక ఉంది.

“ఏటిది?” అన్నారు నాయుడు గారు.

ముక్తేశ్వరరావు కళ్లజోడు సవరించుకొని చూశాడు. “కిళ్లీ మరకండీ. వేలు నాలిక్కి అద్దుకొని తిప్పినట్టున్నారెవరో.”

“కిళ్లీ అని నువ్వంతన్నావు. రత్తం అని నేనంతన్నాను. మా ఈదిలో ఎయిడ్సు మనిషొకడున్నాడు. ఆడూ ఇక్కడికే వస్తాడు. ఆడు వేలు తడి చేసుకొని తిప్పిన పేజీ, నేనూ వేలు తడి చేసుకొనే తిప్పాను. ఇప్పుడు నా గతేటి?” అంటూ ఆయన నోట్లోని కిళ్లీని కుడి దవడనుంచి ఎడమ దవడకు మార్చుకొన్నారు.

ముక్తేశ్వరరావుకు జవాబు తెలుసు. ఉమ్మితో హెచ్‌ఐవీ సోకదని, పుస్తకం ముట్టుకొంటే సోకదని, ఒకే గ్లాసుతో నీళ్లు తాగినా, దోమ కుట్టినా, చెయ్యి చెయ్యి కలిపినా సోకదని ఆయనకు తెలిసినంత వివరంగా ఆ పట్టణంలో మరొకరికి తెలియదు. గ్రంథాలయంలో ఆ విషయంమీద ఉన్న ఏడు పుస్తకాలనూ ఆయన రెండేసి సార్లు చదివాడు. కాని నోరు విప్పలేదు. అనర్గళంగా చెబితే “ఇంత వివరం నీకెలా తెలుసు?” అని అడుగుతారేమోనన్న భయం రెండున్నరేళ్లుగా ఆయన గొంతులో కాపురముంటోంది.

రెండున్నరేళ్ల కిందట ఆయన కంప్యూటరీకరణ శిక్షణకని నగరానికి వెళ్లి మూడు రోజులు ఒక లాడ్జిలో ఉన్నాడు. కేటలాగు కార్డులను కంప్యూటరులోకి ఎక్కించడం మొదటి రోజు నేర్పారు. రెండో రోజు సాయంత్రం జరిగినదానికి శిక్షణతో సంబంధం లేదు. అందులో ఆయన పాటించవలసిన జాగ్రత్త ఒకటుంది, పాటించలేదు. తిరిగి వచ్చాక ఏడు పుస్తకాలూ చదివాడు. పరీక్ష ఉచితమని, వివరాలు బయటికి పొక్కవని, ఆసుపత్రి తన ఇంటికి పావుగంట నడకలో ఉందని తెలుసుకొన్నాడు. తెలుసుకొని, పుస్తకాలను యథాస్థానంలో సర్దేశాడు.

ఆ సంగతి మరుగున పడిపోయేదే. కాని నలభై మూడో ఏట ఆయనకు పెళ్లి కుదిరింది. హైమవతి గారు జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతారు. మొదటి పెళ్లి విడాకులతో ముగిసిన మనిషి. మాటలో తిరుగుళ్లు లేవు. నిశ్చయం నాడే ఆవిడ, “మాఘంలో ముహూర్తం పెట్టుకొందాం. ఈలోగా ఇద్దరం హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలండీ. మీమీద అనుమానం కాదు. పెళ్లికి ముందు ఎవరైనా చేయించుకోవలసిందే,” అన్నారు. అన్న వారానికే తన పరీక్ష ముగించి కాగితం చూపించారు. ఆయన ఒకసారి స్టాకు వెరిఫికేషన్ అన్నాడు, ఒకసారి ఆడిట్ అన్నాడు, మూడోసారి గ్రంథాలయ వారోత్సవాలన్నాడు. నాలుగోసారి ఏమనాలో తోచక దిగులుపడుతున్న సమయంలో నూటపన్నెండో పేజీ ఆయన బల్లమీదికి వచ్చింది.

నాయుడు గారి ఫిర్యాదు మూడోనాటికి జిల్లా కేంద్రంలోని గ్రంథాలయ సంస్థ కార్యదర్శి కనకప్రసాద్ గారికి చేరింది. ఆయన హుటాహుటిన అత్యవసర సమావేశం పిలిచారు.

హెచ్‌ఐవీ విషయంలో కనకప్రసాద్ గారు అనుభవం లేనివారు కారు. ఆ ఏడాదే ఆరోగ్యశాఖవారి అవగాహన సదస్సుకు హాజరయ్యారు. సదస్సు రెండు పూటలు. ఉదయం పూట పరీక్షలు ఎప్పుడు, ఎలా చేయించుకోవాలో చెప్పారు. భోజనానంతరం వ్యాధి ఎలా సోకుతుంది, ఎలా సోకదు అన్నది చెప్పవలసి ఉంది. భోజనంలో పూర్ణాలు వడ్డించడంచేత కార్యదర్శి గారు రెండోపూటకు నిలవలేకపోయారు. అందువల్ల పరీక్ష ఎప్పుడు చేయించాలో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. ఎవరికి చేయించాలన్నది మాత్రమే మిగిలిపోయింది.

“గ్రంథ సంపదయొక్క ఆరోగ్య స్థితిగతులను నిగ్గు తేల్చవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నదని మనవి చేస్తున్నాను,” అన్నారాయన లేచి నిలబడి. “వ్యాధి సోకిన తరువాత కొంతకాలం పరీక్షలో బయటపడదు. దానిని విండో పీరియడ్ అందురు. మూడు మాసములు. కావున పాఠకుని చేతినుండి తిరిగి వచ్చిన ప్రతి పుస్తకమును తొంభై దినములు ఏకాంతమున ఉంచి, ఆపైన పరీక్షకు పంపవలెను.”

“పుస్తకానికి పరీక్షా, సార్?” అన్నాడొక గ్రంథపాలకుడు.

“ఏం, పుస్తకం ప్రజలది కాదా?” అన్నారు కార్యదర్శి గారు. ఆ ప్రశ్నకు జవాబు లేకపోవడంచేత తీర్మానం ఏకగ్రీవమయింది. విధివిధానాల అనుబంధం రాసే బాధ్యత, అక్షరదోషాలు లేకుండా రాస్తాడన్న పేరున్న ముక్తేశ్వరరావుకు అప్పగించారు. ఆయన చేతులు కట్టుకొని, “చిత్తం సార్,” అన్నాడు.

సర్క్యులరు అమలులోకి వచ్చింది. గ్రంథాలయమంతా రెండు వర్గాలుగా చీలింది. వెనక అట్టలోపల అంటించిన తేదీ చీటీ చూసి ఏ పుస్తకం ఎందరి ఇళ్లకు వెళ్లివచ్చిందో లెక్కగట్టారు. వారానికొక గడప తొక్కిన డిటెక్టివు నవలలు, వంటల పుస్తకాలు, జాతకాలు అధిక ప్రమాద వర్గంలో చేరాయి. నలభై ఏళ్లుగా ఎవరూ తాకని వేదాంత భాష్యాలకు, పంచవర్ష ప్రణాళికా సమీక్షలకు శీలవంతమైన పుస్తకాలని ఆకుపచ్చ చీటీ అంటించి, పాఠకులు ఇకమీద వాటినే చదువుకోవచ్చునని ప్రకటించారు.

దినపత్రికలతో చిక్కొచ్చింది. రోజుకు నూటయాభై మంది వేళ్లు తడుపుకొని తిప్పే కాగితంకంటె ప్రమాదకరమైనది లేదు. అప్పటికే తొంభై రోజుల ఏకాంతం పూర్తిచేసుకొన్న పాత పత్రికలు గోదాములో ఉన్నాయి కనుక పఠనమందిరంలో ఇకనుంచి వాటినే పెట్టమన్నారు. కార్తీకంలో శ్రావణం నాటి వార్తలు వచ్చాయి. తుఫాను హెచ్చరిక చదివి ఇద్దరు పెన్షనర్లు గొడుగులతో ఇళ్లకు పరుగెత్తారు. ఒక పెద్దాయన మాత్రం వారం రోజులు చదివి, ఏ తేడా కనబడలేదన్నాడు.

ఆపైన గోప్యత. పరీక్ష చేయించుకొన్నవారి పేరు బయటపెట్టరాదన్నది ఉదయంపూట సదస్సులోనే చెప్పిన విషయం. అందుచేత అధిక ప్రమాద వర్గంలోని పుస్తకాలకు పేర్లు కనబడకుండా ఖాకీ అట్టలు వేశారు. అటెండరు పైడిరాజుకు రెండు వేల పుస్తకాలకు అట్టలు వేసేసరికి వేళ్లు బొబ్బలెక్కాయి.

“ఏ పుస్తకం ఏటో ఇప్పుడు మనకీ తెలీదు కదు బాబూ?” అన్నాడతను.

“అదే గోప్యత,” అన్నాడు ముక్తేశ్వరరావు.

“అయితే నాకు గోప్యత బాగా వచ్చీసింది బాబూ. పుట్టినకాణ్నుంచీ ఏ పుస్తకం పేరూ నాకు తెలీదు.”

తిరిగి వచ్చి అప్పటికే తొంభై రోజులు దాటిన నలభైయొక్క పుస్తకాలను మొదటి విడతగా పరీక్షకు పంపమని ఆదేశం వచ్చింది. పైడిరాజు రెండు ట్రంకుపెట్టెలను ఆటోలో ఎక్కించాడు. ముక్తేశ్వరరావు ముందు సీట్లో డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్నాడు. రెండున్నరేళ్లుగా ఏ వీధి తప్పించుకొని చుట్టూ తిరిగి వెళుతున్నాడో ఆ వీధిలోకే ఆటో నేరుగా వెళ్లింది.

ఏరియా ఆసుపత్రి వరండా చివర పదిహేడో నంబరు గదిలో కౌన్సెలరు ఎస్తేరమ్మ గారు కూర్చుని ఉన్నారు. పదిహేనేళ్లుగా ఆ కుర్చీలో ఎన్నో రకాల మనుషులను చూసిన ఆవిడ పెట్టెలవంక చూసి, మనుషులవంక చూశారు.

“పరీక్ష ఎవరికండీ?”

“వీటికండీ,” అని ముక్తేశ్వరరావు సర్క్యులరు అందించాడు.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివారు. “దోమ కుడితే వస్తుందా అని అడిగినోళ్లున్నారు. చుట్టం కుర్చీలో కూర్చున్నానండీ, నాకేమైనా అవుతుందా అని ఏడ్చినోళ్లున్నారు. వంటల పుస్తకానికి రక్తపరీక్ష చెయ్యమన్నది మీరే సార్, మొదలు.” ఆవిడ ఒక పుస్తకం తీసి, మరకమీద వేలితో రాసి, మళ్లీ మూసేశారు. “ఇది నిజంగా రక్తమే అనుకోండి. ఎండిపోయిన మరక ముట్టుకొంటే ఎవరికీ రాదు. ఉమ్మితో రాదు. జాగ్రత్త లేకుండా కలిస్తే వస్తుంది. ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే వస్తుంది. పరీక్ష చెయ్యని రక్తం ఎక్కిస్తే వస్తుంది. మందు వాడని తల్లినుంచి బిడ్డకి రావచ్చు, కడుపులోనో కాన్పులోనో పాలద్వారానో. మీ పుస్తకాలు వీటిలో ఏ పని చేశాయి?”

“ఏదీ చెయ్యలేదండీ.”

“మరి?”

“ఆదేశమండీ. సంరక్షకుడి హోదాలో నేను సంతకం పెట్టవచ్చునని కార్యదర్శి గారు సెలవిచ్చారు.”

“సమ్మతి లేకుండా మేం ఎవరికీ పరీక్ష చెయ్యం. చట్టం ఒప్పుకోదు. మైనర్లయితే తల్లిదండ్రులో సంరక్షకులో పెట్టాలి.” ఆవిడ పుస్తకం మొదటి పేజీ తిప్పి అచ్చయిన సంవత్సరం చూశారు. “ఈయనకి నలభై ఏడేళ్లు. మేజరు. ఈయన తరఫున మీరు పెట్టకూడదు సార్.”

పైడిరాజు కిసుక్కున నవ్వి, గోడవైపు తిరిగాడు. ఎస్తేరమ్మ గారు నవ్వలేదు. సర్క్యులరు వెనక జతచేసిన అనుబంధం చదువుతున్నారు. అందులో విండో పీరియడ్ గురించి ఉంది. తరువాత ఇంకొక వాక్యం ఉంది. దానిమీద ఆవిడ వేలు ఆగింది.

“ఇది ఎవరు రాశారు?”

“నేనేనండీ.”

“ప్రమాదం జరిగిన డెబ్భై రెండు గంటల్లోపు వస్తే నివారణ మందులు ఉంటాయి, ఆ గడువు దాటిపోయినవారు దిగులుతో ఊరకే కాలం గడపక పరీక్ష చేయించుకొనవలెను, అని రాశారు.” ఆవిడ తల ఎత్తారు. “పుస్తకానికి మాత్ర ఎలా మింగిస్తారు సార్? పుస్తకానికి దిగులేంటి?”

ముక్తేశ్వరరావు ఆ వాక్యం తానూ మరొకసారి చదువుకొన్నాడు. జీవితంలో అక్షరదోషం చేయని మనిషి ప్రభుత్వపు కాగితంమీద తన గుండెనంతా రాసిపెట్టి, దానిమీద సీలు కూడా వేశాడు.

ఆవిడ పైడిరాజును పెట్టెలు వరండాలో పెట్టమని పంపించి, గొంతు తగ్గించారు. “ఎన్నాళ్లయింది?”

“రెండేళ్ల ఏడు నెలలు.”

“మూడు నెలలు ఎప్పుడో దాటిపోయింది కదా. ఇక ఏ అనుమానమూ లేకుండా ఒక్క పూటలో తేలిపోతుంది. లేదంటే హాయి. ఉందంటే మందులున్నాయి, ఉచితం. మానకుండా వాడితే వైరసు పరీక్షకి కూడా అందనంతగా అణిగిపోతుంది, అప్పుడు కలిసినవాళ్లకీ అంటదు. తెలియకుండా తిరగడమొక్కటే చెడ్డది. చెయ్యి చాపండి.”

“రేపు వస్తానండీ,” అన్నాడాయన. నలభైయొక్క పుస్తకాలను పరీక్ష లేకుండానే తిరిగి తీసుకొని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం హైమవతి గారు ఫోన్ చేశారు. “ఆసుపత్రి దగ్గర మిమ్మల్ని చూశామని మా పిల్లలు చెప్పారు. అయిపోయిందా?”

“పుస్తకాల పనిమీద వెళ్లానండీ.”

“ముక్తేశ్వరరావు గారూ, నేను పదో తరగతికి ఈ పాఠం ఏటా చెబుతాను. పిల్లలు సిగ్గుపడతారు, కాని ప్రశ్నలు అడుగుతారు. మీరు అదీ చెయ్యడంలేదు. శనివారం దాకా చూస్తాను. ఆపైన మాఘం గురించి మాట్లాడుకోవద్దు.”

కార్యదర్శి గారు మరునాడే నిప్పులు చెరిగారు. పరీక్ష కాని పుస్తకాలు తిరిగి రావడం ఆదేశధిక్కారం కిందికి వస్తుందన్నారు. మరొక సర్క్యులరు వచ్చింది. పరీక్ష పూర్తయ్యేవరకు గ్రంథాలయాన్ని పూర్తిగా మూసివేయవలెను.

ముక్తేశ్వరరావు ఆ సర్క్యులరు వచ్చిన కవరును బల్లమీద పెట్టుకొని చాలాసేపు చూశాడు. నాలికతో తడిచేసి అంటించిన కవరు. చింపి, లోపలి కాగితం మూల పరీక్షించాడు. అక్కడ ఒక వేలిముద్ర తడిసి ఆరిన గుర్తు స్పష్టంగా ఉంది. కార్యదర్శి గారు కాపీలు లెక్కపెట్టేటప్పుడు వేలు నాలికకు అద్దుకొనే అలవాటు జిల్లా అంతటా ఎరిగినదే. ఆయన కలం తీసి ఇలా రాశాడు:

“ఆర్యా, తమరి ఆదేశము తడి వేలితో తిప్పబడినట్లును, గుమాస్తా మొదలు తపాలా బంట్రోతు వరకు పదకొండు చేతులు మారినట్లును విచారణలో తేలినది. తమరి మొదటి సర్క్యులరు ప్రకారము ఇది అధిక ప్రమాద వర్గమునకు చెందినది. కావున దీనిని తొంభై దినములు ఏకాంతమున ఉంచితిని. ఆ గడువులో దీనిని చదువుటగాని, అమలుపరచుటగాని నిబంధనలకు విరుద్ధమగును. మొదటి సర్క్యులరు సైతము అట్టి స్థితిలోనే చేరినందున దానికిని అదే మర్యాద జరిపితిని. పరీక్షకు పంపుటకు తమరి సమ్మతిపత్రము కోరుచున్నాను.”

ఈ ఉత్తరం జిల్లా కార్యాలయంలో రెండు రోజులు చర్చకు వచ్చింది. తప్పెక్కడుందో ఎవరికీ అంతుబట్టలేదు. పైగా హెడ్‌క్లర్కు, ఇదే లెక్కన కార్యాలయంలోని ఫైళ్లన్నీ, అందులో తన ప్రమోషను ఫైలు కూడా, తొంభై రోజులు అటకెక్కవలసి వస్తుందని గ్రహించి తెల్లబోయాడు. శుక్రవారం మధ్యాహ్నానికి, తదుపరి ఆదేశములు వెలువడువరకు గ్రంథాలయములందు పూర్వపు పద్ధతినే పాటించవలెనని కబురొచ్చింది. పైడిరాజు అట్టలు విప్పడం మొదలుపెట్టాడు. జోగినాయుడు గారు ఆరోజు పత్రిక పట్టుకొని, “అబ్బ! ఎన్నాళ్లకి తాజా అబద్ధాలు చదువుతున్నాను,” అన్నారు.

ముక్తేశ్వరరావుకు అందులో సంతోషం కలగలేదు. కాగితానికి ఎదురు తిరగగలిగినవాడు ఒక గదిలోకి నడవలేకపోవడమేమిటన్న ప్రశ్న ఆయన్ను కూర్చోనివ్వలేదు. సాయంత్రం బడి విడిచే వేళకు హైస్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు.

హైమవతి గారు సైకిళ్ల గుంపును దాటుకొని వచ్చారు. “చెప్పండి.”

ఆయన చెప్పాడు. నగరం, లాడ్జి, రెండో రోజు సాయంత్రం, పాటించని జాగ్రత్త. ఏడు పుస్తకాల సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ చెప్పుల వంకే చూశాడు.

“పరీక్ష చేయించుకొని, లేదని తేలాక చెప్పవచ్చు కదా? అసలు చెప్పకపోనూవచ్చు,” అన్నారావిడ.

“లేదని తేలాక చెబితే, ఉందని తేలితే చెప్పేవాణ్ని కానని మీకు తెలిసిపోతుందండీ.”

ఆవిడ గేటు చువ్వ పట్టుకొన్నారు. ముఖంలో కోపముంది, దాచుకోలేదు. “నాకు బాధగానే ఉంది. లాడ్జి గురించి కాదు. అది నేను లేనప్పటి మాట. పెళ్లి కుదిరాక కూడా రెండు నెలలు ఆడిటన్నారు, వెరిఫికేషనన్నారు. అది నేనున్నప్పటి మాట.”

“అవునండీ.”

“రేపు తొమ్మిదింటికి అక్కడుంటాను. ఏది వచ్చినా తరవాత మాట్లాడుకొందాం. మీకు తోడుగా వస్తున్నాను, పెళ్లికి మాటిచ్చి కాదు.”

శనివారం ఉదయం వరండాలో పద్నాలుగో నంబరు టోకెను పట్టుకొని ముక్తేశ్వరరావు బల్లమీద కూర్చున్నాడు. హైమవతి గారు పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. పేరు, వయసు, సమ్మతి సంతకం. సూది గుచ్చినప్పుడు ఆయన కళ్లు మూసుకొన్నాడు. ఆపైన గంటసేపు ఆవిడ ఎర్రసిరా కలం చప్పుడు తప్ప మరేదీ ఆయనకు వినబడలేదు. మధ్యలో ఒకసారి ఆవిడ కలం ఆపి, “ఊపిరి తీసుకోండి,” అన్నారు.

ఎస్తేరమ్మ గారు పిలిచారు. “వీరు కూడా రావచ్చా?” అని అడిగారు, హైమవతి గారిని చూపిస్తూ. నిర్ణయం ఆయనదేనట. ఆయన తల ఊపాడు.

“లేదు సార్. మీకు హెచ్‌ఐవీ లేదు.”

ముక్తేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. రెండేళ్ల ఏడు నెలలు మోసిన బరువు దించడానికి పట్టింది ఒక్క ఉదయం. ఇంత కాలం దేనికి మోశానా అన్న సిగ్గు సంతోషంకంటె ముందు వచ్చింది. ఎస్తేరమ్మ గారు ఇక ముందు పాటించవలసిన జాగ్రత్తలు చెబుతూంటే, ఆయన చదివినవే అయినా మొదటిసారి విన్నట్టు విన్నాడు.

బయటికి వచ్చేసరికి వరండా చివర ఒక పొడుగాటి మనిషి, ఎండాకాలం కాకపోయినా నల్ల కళ్లద్దాలు పెట్టుకొని, ముక్కుదాకా జేబురుమాలు కట్టుకొని నిలబడి ఉన్నారు. రుమాలు కప్పగలిగినది ముఖాన్నే కాని, నిలబడే తీరును కాదు.

“ముక్తేశ్వరరావ్! నువ్విక్కడేమిటయ్యా?” అన్నారు కార్యదర్శి కనకప్రసాద్ గారు, అదిరిపడి.

స్టాకు వెరిఫికేషన్ అన్నమాట అలవాటుగా నాలికదాకా వచ్చింది. హైమవతి గారు పక్కనే ఉన్నారు; సాయం చేయలేదు, వేచి చూశారు.

“హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకొన్నాను సార్,” అన్నాడు ముక్తేశ్వరరావు. మామూలు గొంతుతోనే అన్నాడు. వరండాలో అందరికీ వినబడింది. ఆకాశం ఎక్కడా విరిగిపడలేదు. బల్లమీదున్న గర్భిణీ స్త్రీ ఒకావిడ తన చీటీ చూపించి, “నాక్కూడా అదే రాశారండీ, ఎంతసేపట్లో చెబుతారు?” అని మాత్రం అడిగింది.

“గంట పడుతుందమ్మా.”

కార్యదర్శి గారు అటూ ఇటూ చూశారు. “నేను తనిఖీ నిమిత్తము వచ్చియున్నాను,” అన్నారు.

“తనిఖీ అయితే సూపరింటెండెంటు గారి గది మేడమీద సార్,” అంది లోపలినుంచి ఎస్తేరమ్మ గారి గొంతు. “పరీక్ష అయితే ఆ బల్ల.”

కార్యదర్శి గారు మేడమెట్లవైపు ఒకసారి, బల్లవైపు ఒకసారి చూశారు. గర్భిణీ స్త్రీ తన సంచీ ఒడిలో పెట్టుకొని జరిగింది. ఆయన మెల్లగా కూర్చుని, రుమాలు విప్పి, ముక్తేశ్వరరావు చెయ్యి పట్టుకొన్నారు. తీర్మానాలు చదివే గొంతు కాదది.

“నొప్పి ఉంటుందా?”

“సూదిది లేదు సార్,” అన్నాడు ముక్తేశ్వరరావు. “కావాలంటే మీ పిలుపు వచ్చేదాకా ఇక్కడే ఉంటాము.”

‘ఉంటాము’ అన్నందుకు తానే జంకి, పక్కకు చూశాడు. హైమవతి గారు బల్ల చివర కూర్చుని, మిగిలిన పేపర్లు తీసి దిద్దసాగారు.